అదే ఓడ, మళ్ళీ అదే గది

రుద్రంగి నుంచి ఒక సోదరి వ్రాసిన ఎనిమిది పేజీల ఉత్తరం రెండు వారాలుగా నా బల్ల మీద ఉంది. పేరు వేయవద్దన్నారు. వేయను. కాని ఆమె వ్రాసిన సంగతి ఆమె ఒక్కరిదీ కాదు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఏ వాడకట్టుకు వెళ్ళినా ఇటువంటి ఇల్లు ఒకటి కనిపిస్తుంది. అందుచేత ఈ వారం పేజీ అంతా ఆమెకే. ఊరగాయల మీద ప్రశ్నలు పంపినవారు ఒక్క వారం ఓపిక పట్టాలి. మామిడికాయ ఎక్కడికీ పోదు.

ఆమె భర్త 1979లో బొంబాయిలో ఓడ ఎక్కి దుబాయి వెళ్ళారు. 1981లో వచ్చి, పెళ్ళి చేసుకుని, రెండు నెలలు ఉండి తిరిగి వెళ్ళారు. అక్కడి నుంచి రెండేళ్ళకొకసారి రావడం, రెండు నెలలు ఉండడం, పోవడం. 2017లో ఉద్యోగం చాలించి ఇల్లు చేరారు. “పెళ్ళి నాటి నుంచి ఆయన పూర్తిగా వచ్చిన నాటి వరకు మేము ఒక కప్పు కింద ఉన్న రోజులు కూడితే మూడేళ్ళు నిండలేదు” అని వ్రాశారామె. నేను కాగితం మీద వేసి చూశాను. లెక్క సరిగ్గానే ఉంది.

ఇప్పుడు కొడుకు దుబాయిలో ఉన్నాడు. తల్లిదండ్రులను పిలిపించి, వారం రోజుల నౌకాయాత్రకు పంపుతానంటున్నాడు. తల్లి సరేనంది. తండ్రి మాత్రం ఒక మెలిక పెట్టారు. “ఒకటి కాదు, రెండు వారాలు వరసగా పెట్టు. అదే ఓడ, అదే గది” అన్నారు. చూసిన ఊళ్ళే మళ్ళీ చూడటానికి ఎవరయినా డబ్బు పోస్తారా అని ఇరుగుపొరుగు నవ్వారట. దానికి ఆయన, “మొదటిసారి చూసేటందుకు, రెండోసారి కూసునేటందుకు” అన్నారట.

ఆ మాట నాకు నచ్చింది. ఆమెకు నచ్చలేదు. ఒక యాత్ర అయిపోయిన తరువాత అసలు ఓడలో ఉండనిస్తారా? అదే భోజనం, అదే ఆటపాట రెండోసారి దేనికి? నీళ్ళంటే నాకు భయం, ఏం చేయాలి? డబ్బు దండుగ కాదా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివరి పేజీలో, అడగాలా వద్దా అన్నట్లు చిన్న అక్షరాలతో మరొకటి: “ఇంటికి వచ్చి ఇన్నేళ్ళయినా ఆయన తన పెట్టెను అటక మీద పెట్టనివ్వరు. మంచం కిందనే ఉండాలి. ఈయనకు ఇల్లు పట్టక ఓడ అడుగుతున్నారేమో!”

దానికి చివర వస్తాను. ముందు ఓడ సంగతి.

ఇటువంటి వరస యాత్రలను ఇంగ్లీషువారు ‘బ్యాక్ టు బ్యాక్’ అంటారు. వెనక ఒకటి, దాని వెనకే మరొకటి అని అర్థం. విహార నౌక ఒక రేవులో బయలుదేరి, నాలుగయిదు ఊళ్ళు చూపించి, వారానికో పది రోజులకో సాధారణంగా మళ్ళీ ఆ రేవుకే వస్తుంది. వచ్చిన రోజు ఉదయం పాతవారిని దించి, మధ్యాహ్నం కొత్తవారిని ఎక్కించుకుని, సాయంత్రానికి మళ్ళీ బయలుదేరుతుంది. ఆ పాతవారిలో కొందరు ఇళ్ళకు పోకుండా కొత్తవారితో కలిసి మళ్ళీ వెళతారు. వారి కోసం ఓడ వేరే ఏమీ చేయదు. రెండు టిక్కెట్లు, రెండు బిల్లులు. అంతే. మీ అబ్బాయి చేయవలసిందల్లా రెండు టిక్కెట్లు ఒకేసారి తీసి, రెండింటికీ ఒకే గది నంబరు వేయించి, ఈ రెండూ ఒకరివేనని కంపెనీవారి చేత వ్రాయించుకోవడం. గది మారిందంటే మధ్యలో సామాను కదిలించాలి. పనివాళ్ళు సాయం చేస్తారు, కాని ఒకే గది ఉంటే ఆ గొడవే లేదు.

ఆ ఎక్కుదిగుళ్ళ రోజు చూడవలసిన రోజు. రెండు మూడు వేల మంది దిగిపోతారు. వారి పక్కబట్టలు, తువాళ్ళు కట్టలు కట్టలుగా కిందికి దిగుతాయి. రేవులో నిలిచిన లారీల నుంచి బియ్యం, పిండి, కూరగాయలు, పాలు వారానికి సరిపడా పైకి ఎక్కుతాయి. గదులు శుభ్రంచేసే కుర్రవాడికి ఆ నాలుగయిదు గంటలూ ఊపిరాడదు. వాడు ఏ కేరళవాడో, గోవావాడో, ఫిలిప్పీన్సువాడో అయి ఉంటాడు. వాడికీ ఎక్కడో ఇల్లుంది, అక్కడ నెలలు లెక్కపెట్టే మనిషీ ఉంది. మీ గది మాత్రం వాడికి ఆ పూట తేలిక. ఉన్నవారే ఉంటున్నారు గనుక.

అప్పుడు ఓడ ఖాళీగా ఉంటుంది. వేలమంది తిరిగిన వరండాలలో మనిషి ఉండడు. ఈత కొలను నీళ్ళు కదలవు. భోజనశాలలో బల్లల మీద కుర్చీలు ఎత్తి తుడుస్తుంటారు. వరస యాత్రలు చేసేవారిలో చాలామందికి యాత్ర మొత్తం మీద ప్రీతి ఈ రెండు మూడు గంటలమీదనే. అయితే అన్ని రేవులలోనూ కూర్చోనివ్వరు. అమెరికా రేవులలో సాధారణంగా అందరినీ ఒకసారి దించి, ఓడలో ప్రయాణికుడు ఒక్కడూ మిగలలేదని లెక్క చూసుకుని, పాస్‌పోర్టులు చూసి, అప్పుడు వరసవాళ్ళను అందరికంటె ముందు తిరిగి ఎక్కిస్తారు. కొన్ని రేవులలో కొత్త కార్డు చేతికిచ్చి, కావాలంటే ఊరు చూసి రమ్మంటారు. దుబాయిలో అయితే మీ అబ్బాయి ఆ పూట రేవు దగ్గరకు వచ్చి మీతో భోంచేసి పోవచ్చు. వారం మధ్యలో ఇంటి ముఖం చూసినట్లుంటుంది.

భోజనం విషయానికి వస్తే, వంటల జాబితా వారానికొకసారి మళ్ళీ మొదటికి వస్తుంది. పాటకచేరీలు, గారడీలు కూడా అంతే. రెండోవారం మంగళవారం నాడు గారడీవాడు టోపీలో నుంచి ఏం తీస్తాడో మీకు ముందే తెలుసు. ఇది లోపమే, దాచను. కాని వడ్డించే మనిషి మొదటి వారమే మీకు చారు వేడిగా ఉండాలని, ఆయనకు చక్కెర లేని టీ కావాలని నేర్చుకుని ఉంటాడు. చుట్టూ కొత్తవాళ్ళు మెట్ల దారి తెలియక తిరుగుతుంటే మీరు దారి చెబుతారు. పెళ్ళివారింట రెండోరోజు ఉండిపోయిన దగ్గర చుట్టాల పద్ధతన్నమాట.

ఇక మీ వారు ఎక్కిన మొదటి ఓడ మాట. ‘ద్వారక’ అని వ్రాశారు. ఆ పేరు చదవగానే నాకు అసలు సంగతి అక్కడ ఉందనిపించింది.

రుద్రంగి వేములవాడ నుంచి కోరుట్ల పోయే దారిలో ఉన్న ఊరు. సముద్రం ఎటుచూసినా మూడు వందల కిలోమీటర్ల పైమాటే. అయినా ఆ చుట్టుపక్కల సముద్రం మాట వినని ఇల్లు లేదు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అని పాత కరీంనగరు జిల్లాలో అందరి నోటా ఉన్న మాట. బతుకుతెరువుకు అవే మూడు దారులు. మూడో దారికి తొలి రోజులలో విమానం కాదు, స్టీమరు. బ్రిటిష్ ఇండియా కంపెనీవారు రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు నాలుగు ఓడలు తిప్పారు: డుమ్రా, ద్వారక, దారా, దరెస్సా. ద్వారక 1947లో తయారయింది. 1982 దాకా ఆ దారినే తిరిగి, ఆ సంవత్సరమే ఇనుము కింద విరగ్గొట్టడానికి పోయింది. ఎక్కేవారిలో అత్యధికులు డెక్కు ప్రయాణికులు. అంటే సొంత గది లేనివారు. పక్క పరుచుకున్న మేర తన స్థలం.

చూశారా? ముప్ఫై అయిదేళ్ళు అదే దారిలో వెళ్ళి వస్తూ ఉన్నది ఓడ. మనుషులు మాత్రం ఒకవైపు టిక్కెట్టు కొనుక్కుని దిగిపోయారు. తనను దుబాయిలో దించిన ఓడ కొద్ది రోజులకు తిరిగి బొంబాయి చేరుతుంది. తను చేరడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు రేవు గట్టుమీద నిలబడి ఆ ఓడను చూసి ఏమనుకున్నాడో మీ వారిని ఎప్పుడయినా అడిగారా? నాకు తోచింది చెబుతున్నాను, తప్పయితే క్షమించాలి. ఓడ రేవుకు చేరాక దిగకుండా ఉండిపోవడం ఎట్లా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆయనకు ఉండి ఉండవచ్చు. ఈసారి సొంత గది ఉంది, పక్కన మీరు ఉన్నారు.

వరసగా ఒకే ఓడలో ఉండిపోయినవారు లోకంలో లేకపోలేదు. బియాట్రిస్ ముల్లర్ అనే అమెరికా ఆవిడ భర్తతో కలిసి క్వీన్ ఎలిజబెత్ 2 అనే పెద్ద ఓడలో యాత్రలు చేసేది. 1999లో ఆ ఓడ మీదనే భర్త పోయాడు. ఇల్లు అమ్మేసి, 2000 నుంచి ఆవిడ ఆ ఓడనే కాపురం చేసుకుంది. ఒక యాత్ర కాగానే మరొక యాత్ర, మధ్యాహ్నాలు పేకాట, సాయంత్రాలు నాట్యం. వృద్ధాశ్రమంలో అయ్యే ఖర్చుకు ఇది తీసిపోదని చెప్పేది. 2008లో ఓడనే ఉద్యోగం మాన్పించేదాకా అందులోనే ఉంది. ఆ ఓడ ఇప్పుడెక్కడ ఉందనుకున్నారు? దుబాయిలోనే! 2008 నవంబరులో అక్కడికి చేరింది. 2018లో పోర్టు రషీదు రేవులో కదలని హోటలుగా తెరిచారు. మీ అబ్బాయిని అడిగి దాన్ని చూసి రండి.

ఆవిడ చెప్పింది ఉత్తుత్తి మాట కాదనడానికి 2004లో లీ లిండ్‌క్విస్ట్ అనే చికాగో వైద్యురాలు మరొకరితో కలిసి వైద్యపత్రికలో లెక్క వేసి చూపించింది కూడా. అయితే అది అమెరికా వృద్ధాశ్రమాల ధరకు వేసిన లెక్క. రుద్రంగిలో సొంత ఇల్లు, పెరట్లో బావి ఉన్నవారికి ఆ లెక్క కుదరదు.

రెండో రకం మనిషి కూడా ఉన్నాడు. మయామికి చెందిన మారియో సాల్సెడో 1990ల చివర ఉద్యోగం మాని, అప్పటి నుంచి వరసగా ఓడల మీదనే ఉంటూ వచ్చాడు. ఓడలోనే బల్ల వేసుకుని పని చేసుకుంటాడు. ఆయన మీద 2018లో ఒక చిన్న చిత్రం కూడా తీశారు. నేల మీద దిగితే తిన్నగా నడవలేకపోతున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఎప్పుడూ తూగే నేలకు అలవాటు పడిన కాలికి కదలని నేల అడ్డం వస్తుందట. ముప్ఫై ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి పెట్టె సర్దుకున్న మనిషికి ఇంట్లో కాలు నిలవకపోవడంలో వింత ఏముంది? అది ఇంటి మీద కోపం కాదు, మీ మీద అంతకన్నా కాదు.

భయం మాట. ద్వారకకు తోబుట్టువైన దారా ఓడ 1961 ఏప్రిల్ 8న దుబాయి దగ్గర ప్రేలుడుకు గురై 238 మంది పోయారు. గల్ఫ్ ఇళ్ళలో పాతవాళ్ళు ఇప్పటికీ చెప్పుకునే సంగతి. కాబట్టి భయపడకండి అని నేను తేలికగా అనను. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా రాయికి తగిలినప్పుడు, ఆ రోజే ఎక్కినవారికి ఇంకా ప్రమాదపు తర్ఫీదే ఇవ్వలేదు. ఆ ఘోరం తరువాత నియమం మార్చారు. ఇప్పుడు బయలుదేరే ముందో, బయలుదేరిన వెంటనేనో, ఏ గంట మోగితే ఎక్కడ నిలబడాలో, రక్షణ కోటు ఎట్లా తొడగాలో అందరికీ చూపించి తీరాలి. రెండో యాత్రకు రెండోసారి చూపిస్తారు. తెలుసుగదా అని గదిలో కూర్చోకండి. వెళ్ళండి.

వాంతుల భయం ఉంటే ఓడ నడిమిభాగంలో, కింది అంతస్తులో గది తీయించండి. అక్కడ ఊపు తక్కువ. గల్ఫ్ లోపలి సముద్రం సాధారణంగా నెమ్మదైనదే. శీతాకాలంలో ‘షమాల్’ అనే వాయవ్యపు గాలి లేచిన రోజులలో మాత్రం కెరటం పెరుగుతుంది. ఆ పేరు మీ వారికి బాగా తెలిసే ఉంటుంది. రక్తపోటు మందో, చక్కెర మందో వాడుతుంటే రెండు వారాలకు కాక మూడు వారాలకు సరిపడా తీసుకోండి, డాక్టరు చీటీతో సహా. ఓడలో డాక్టరు ఉంటాడు గాని అతని ఫీజు వింటే ఉన్న జబ్బు మరచిపోతాము. ప్రయాణపు బీమా రెండు యాత్రలకూ వర్తించాలి.

వీసా సంగతి మీ అబ్బాయి మరీ జాగ్రత్తగా చూడాలి. ఓడ దుబాయి వదిలి మరొక దేశపు రేవుకు వెళితే మీరు దేశం దాటినట్లు. తిరిగి వస్తే మళ్ళీ ప్రవేశించినట్లు. రెండు యాత్రలంటే అది రెండుసార్లు. ఒక్కసారి ప్రవేశించే వీసాతో ఈ పని జరగదు. పలుమార్లు ప్రవేశించేది కావాలి, దాని గడువు మొత్తం రోజులకు సరిపోవాలి. ఇటీవలి శీతాకాలాలలో దుబాయి నుంచి వారం రోజుల యాత్రలు నడిచాయి. అయితే ఆ ప్రాంతపు పరిస్థితులు చూసుకుని, టిక్కెట్టు రద్దు నియమాలు చదువుకుని మరీ డబ్బు కట్టమనండి. ఓడ రోజుకింత అని వేసే సేవారుసుం ఇద్దరికీ, రెండు వారాలకూ పడుతుంది. మొదటి వారం ఖాతా చివరి రాత్రి మూసి, కొత్త ఖాతా తెరుస్తారు. రెండో వారం ధర తగ్గిస్తారేమో అడగడంలో తప్పు లేదు. దండుగా కాదా అంటే, మొదటి వారానికి చూసిన ఊళ్ళ లెక్కన ధర కట్టండి, రెండో వారానికి కట్టకండి. ఆ వారం మీరు కొనేది ఊళ్ళు కాదు.

ఇంట్లో చేసిన పదార్థాలను చాలా ఓడలు లోపలికి రానివ్వవు. సకినాలు కొడుకు ఇంట్లోనే దించి వెళ్ళండి.

పిల్లలు అమెరికాలో ఉన్న పాఠకులకు ఒక్క మాట. అక్కడ 1886 నాటి చట్టం ఒకటి ఉంది. విదేశీ జెండా ఓడ ఒక అమెరికా ఊళ్ళో ఎక్కించుకున్న మనిషిని మరొక అమెరికా ఊళ్ళో దించకూడదు, దారిలో దూరపు విదేశీ రేవు ఏదీ తగలకపోతే. లాస్ ఏంజిలిస్ నుంచి కెనడాలోని వాంకూవరుకు ఒక యాత్ర, అక్కడి నుంచి అలాస్కా మీదుగా సియాటిల్‌కు మరొకటి. విడివిడిగా రెండూ న్యాయమే. అదే ఓడలో వరసగా చేస్తే నేరమయి కూర్చుంటుంది. టిక్కెట్లు అమ్మే గుమాస్తాకు కూడా ఒక్కొక్కసారి ఇది తట్టదు.

అంత దూరం పోలేనివారికి మన తీరాలూ ఉన్నాయి. కార్డీలియా కంపెనీవారి ‘ఎంప్రెస్’ 2021 సెప్టెంబరులో ముంబయి నుంచి మొదలయి గోవాకు, లక్షద్వీపాలకు తిరిగింది. 2022 జూన్‌లో విశాఖకు వచ్చి అక్కడి నుంచి చెన్నై వైపు నడిచింది. విశాఖలో 2023లో విహార నౌకలకు ప్రత్యేకంగా టెర్మినలు కూడా తెరిచారు. రెండు మూడు రాత్రుల యాత్ర ఒకటి ముందు చేసి, ఒంటికి పడుతుందో లేదో చూసుకోవడం అందరికీ మంచిది. సోదరీ, మీకు కూడా వీలయితే నా సలహా అదే. పద్నాలుగు రాత్రులకు డబ్బు కట్టాక మొదటి రాత్రే సముద్రం గిట్టదని తెలిస్తే మీ వారి కన్నా మీరే ఎక్కువ బాధపడతారు, ఆయన సరదా పాడుచేశానని.

ఇక ఆ పెట్టె.

ఓడ గదిలో బట్టలకు బీరువా ఉంటుంది, సొరుగులుంటాయి. ఎక్కిన మొదటి రోజునే బట్టలన్నీ తీసి సర్దుకుని, ఖాళీ పెట్టెను మంచం కిందికి తోసేస్తారు. దానికోసమే మంచం కింద ఖాళీ వదిలి కడతారు. ఎంత గొప్పవాడి పెట్టె అయినా అక్కడ ఉండవలసిన చోటు అదే.

యాత్ర ముగిసే ముందు రాత్రి దిగిపోయేవారంతా పెట్టెలు సర్ది, చీటీలు కట్టి, తలుపుల బయట పెట్టాలి. పనివాళ్ళు రాత్రికి రాత్రే వాటిని కిందికి చేరవేస్తారు. భోజనం చేసి వస్తుంటే వరండా పొడుగునా రెండు వైపులా పెట్టెలే. ఇన్నేళ్ళలో మీ చేత్తో మీరు ఆయనకు పదిహేడు పద్దెనిమిదిసార్లు పెట్టె సర్ది ఉంటారు. ఏడవ రోజు రాత్రి ఆయనతో కలిసి ఆ వరండాలో నడిచి రండి. అందరి తలుపుల ముందూ పెట్టెలుంటాయి. మీ తలుపు ముందు ఉండదు.